మామయ్య బల్ల మీద మొద్దునిద్ర

ఫోను మోగేసరికి కుక్కరు మూడో కూతకి ఊపిరి బిగబడుతోంది. అత్తయ్య ఒక చేత గరిటె, ఇంకో చేత ఫోను పట్టుకుని, రెండింట్లో ఏది చెవికి ఆనించుకోవాలో ఒక క్షణం తడబడి, అదృష్టం బాగుండి ఫోనే ఆనించుకుంది.

అవతల కోడలు, కొట్టు నుంచి. గొంతులో సంతోషం పాలపొంగులా ఉంది.

"అత్తయ్యా! మామయ్యకి వెంటనే చెప్పండి! ప్రాసెసరే! పడుకుంటే మళ్ళీ లేవడం లేదు!"

సరిగ్గా అప్పుడే కుక్కరు కూసింది.

"ఎవరే?"

"ప్రాసెసర్, అత్తయ్యా! కళ్ళారా చూశాను! హాయిగా పడుకోవడం, అంతే, ఇక లేవడం లేదు! నేను అన్నట్టే అయింది! ఉంటాను, చాలా పనుంది!"

ఫోను పెట్టేసింది. కోడలి నోట్లో బయల్దేరిన 'ప్రాసెసర్' కుక్కరు కూతలో దారి తప్పి, అత్తయ్య చెవిలో 'ప్రొఫెసర్'గా దిగింది. ఆ ఇంట్లో ప్రొఫెసర్ అంటే ఒక్కరే. అత్తయ్యకి స్వయానా పెద్దన్నయ్య, డెబ్బయ్యారేళ్ళ మనిషి.

గరిటె నేల మీద మోగింది.

"ఏమండీ! మా అన్నయ్య పడుకుని లేవడం లేదటండీ!"

వీధంతా 'గడియారాల మామయ్య' అని పిలిచే ఆ ఇంటి పెద్ద అప్పుడే భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాడు. నీళ్ళు వేళ్ళ మీదే ఆగిపోయాయి.

"ఎవరు చెప్పారు?"

"మీ కోడలు! పైగా నవ్వుతూ చెప్పింది! నేను అన్నట్టే అయిందట!"

కబురు మంచిదైతే 'మన కోడలు', చెడ్డదైతే 'మీ కోడలు' అనడం అత్తయ్యకి పెళ్ళి రోజు నుంచీ అలవాటు. కోడలి పెళ్ళి రోజు నుంచి అన్నమాట. మామయ్య చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు ఒక మెట్టు తప్పి పెట్టుకున్నాడు, గ్యాసు ఆపాడు, తాళం వేశాడు. మళ్ళీ కోడలికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఇద్దరూ పరుగులాంటి నడకతో బయల్దేరారు.

ప్రొఫెసరుగారి ఇల్లు రెండు వీధుల అవతల. మోకాళ్ళ నొప్పులతో వాళ్ళు అక్కడికి చేరడానికి ఎటూ పావుగంట పడుతుంది కాబట్టి, ఈలోగా మనం కొట్టు సంగతి చెప్పుకోవచ్చు.

కొట్టు పది అడుగుల వెడల్పు. ఎడమ గోడకి మామయ్య బల్ల, కుడి గోడకి కోడలి బల్ల, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి. మామయ్య వైపు భూతద్దం, పట్టకార్లు, అగ్గిపెట్టెలంత సొరుగులు, గోడ మీద ఇరవై మూడు గడియారాలు. కోడలి వైపు స్క్రూడ్రైవర్లు, ఫ్యాన్లు, చిక్కుపడ్డ జడల్లాంటి వైర్లు. మామయ్యకి తెలిసిన కీ ఒక్కటే, అది తిప్పితే గంటలు కొడుతుంది. కోడలి కీబోర్డు మీద నూటనాలుగు కీలున్నాయి, ఒక్కటీ తిరగదు. కొడుకు ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, రైలు నడిపే ఉద్యోగంతో పట్టాలెక్కేశాడు. ఇంట్లో కంటే ఇనుము మీదే ఎక్కువ ఉంటాడు. కొట్లో తోడు కోడలే.

గుమ్మం మీద బోర్డు మాత్రం ఒకటే. 'గడియారములు బాగుచేయబడును.' కంప్యూటర్ల ఊసు లేదు.

"కంప్యూటర్లో మదర్‌బోర్డు ఉంటుంది మామయ్యా. మన కొట్టుకే ఫాదరిన్లా బోర్డు ఉంది" అని ఆమె నాలుగేళ్ళుగా సణుగుతూనే ఉంది.

"చోటు లేదమ్మాయ్" అని ఆయన నాలుగేళ్ళుగా తప్పించుకుంటూనే ఉన్నాడు. చోటు ఉంది. 'బడును' కింద మూరెడు ఖాళీ. అది ఇద్దరికీ తెలుసు.

ఆ కొట్లో ఒక రూలుంది. మామయ్యకి పని నేర్పిన పెద్దాయన పెట్టింది. ఒక వస్తువు ఒకే జబ్బుతో మూడోసారి వస్తే ఇక ఆ బల్ల మీద ఉండకూడదు, ఇంకొకరి బల్లకి పోవాలి. వెతికిన చోటే మళ్ళీ మళ్ళీ వెతికే కళ్ళని పక్కన పెట్టి, కొత్త కళ్ళకి ఇవ్వాలని. నలభై ఏళ్ళలో మామయ్య ఈ రూలు మీరలేదు. ఒక గోడ గడియారాన్నయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పక్క ఊరి మెకానిక్కుకి అప్పజెప్పాడు.

ఇప్పుడు ఆ రూలు కోడలి మెడకి చుట్టుకుంది. చుట్టింది ప్రొఫెసరుగారి కంప్యూటరు.

ప్రొఫెసరుగారు నాచు మీద పుస్తకం రాస్తున్నారు. గోడల మీద, రాళ్ళ మీద పచ్చగా పాకే నాచు. అది పెరిగే వేగంతోనే ఆయన పుస్తకమూ పెరుగుతోంది. ఒక వాక్యం కొట్టడం, కుర్చీలో వెనక్కి వాలడం, కళ్ళు మూసుకుని పావుగంట ఆలోచించడం. కళ్ళు తెరిచేసరికి కంప్యూటరు బిగుసుకుపోయి ఉండేది. బాణం కదలదు, అక్షరం పడదు. ఆపి మళ్ళీ వేస్తే, దాచుకోని వాక్యాలన్నీ హుష్‌కాకి.

మొదటిసారి వచ్చినప్పుడు కోడలు దుమ్ము దులిపి, మెమరీ మార్చింది. రెండోసారి డిస్కు మార్చి, వైర్లన్నీ ఊడదీసి బిగించింది. రెండుసార్లూ, పంపే ముందు, తాను 'చెమట పరీక్ష' అని పేరు పెట్టుకున్నది చేసింది. మెషీను చేత పెద్ద పెద్ద లెక్కలు ఊపిరి తిప్పుకోనివ్వకుండా పది గంటలపాటు చేయించడం. రెండుసార్లూ అది రొప్పుతూ, వేడెక్కుతూ, చివరిదాకా పరుగెత్తింది. ఇంటికెళ్ళిన మర్నాడే ఆగిపోయింది. కొట్లో గుర్రం, ఇంటికెళ్తే గుర్రు!

రెండోసారి వచ్చిన రోజు ఆమె స్క్రూడ్రైవరు కింద పెట్టి అంది.

"మూడోసారి కూడా వస్తే ఈ బల్ల ఎత్తేస్తాను మామయ్యా. మెయిన్ రోడ్డు పెద్దకొట్టువాళ్ళు కౌంటర్లో కూర్చోమని ఎప్పట్నించో అడుగుతున్నారు. పోయి కొత్త డబ్బాలు అమ్ముకుంటాను. బాగుచేయడం రానప్పుడు బల్లెందుకు?"

మామయ్య చెయ్యి తన సొరుగు మీదికి పోయి వెనక్కి వచ్చింది. అందులో, గడియారం స్ప్రింగుల అడుగున, ఆమె బాగుచేసిన ప్రతి మెషీను చీటీ ఉంది. తిరిగిరానివి నూట ముప్పై రెండు. ఆయన వాటిని ఆదివారం పూట తలుపు దగ్గరగా వేసుకుని తిరగేస్తాడని ఆమెకి తెలియదు. మెచ్చుకోవడానికి నోరు రాని మనుషులు ఇలాంటివే చేస్తారు.

మూడోసారి రానే వచ్చింది. ప్రొఫెసరుగారు తలుపు దగ్గర నిలబడి, "అమ్మాయ్, నాచు మూడో అధ్యాయం మళ్ళీ గాల్లో కలిసింది" అన్నారు, తప్పు తనదే అయినంత మెల్లగా. ఆయన అరిచి ఉంటే బాగుండేది. కోడలు తన బల్ల దీపం ప్లగ్గు పీకి, వైరు చుట్టడం మొదలుపెట్టింది.

"ఆ వైరు వదులు" అన్నాడు మామయ్య.

"రూలు రూలే మామయ్యా. మీ గురువుగారు పెట్టిందే."

"రూల్లో ఏముంది? ఇంకొకరి బల్లకి అని ఉంది. పెద్దకొట్టుకి అని లేదు. ఈ కొట్లో నువ్వు కాక ఇంకొకరు ఎవరు?"

"మీరు."

"మరి?"

"మీకు మౌసు పట్టుకోవడం కూడా రాదు మామయ్యా!"

"ఎలకని పట్టుకోవడం పిల్లి పని. ఆగిపోయినదాన్ని పట్టుకోవడం నా పని. ఇటు తే!"

ప్రొఫెసరుగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. మెషీను మధ్యదారి దాటి ఎడమ బల్ల మీదికి చేరింది. కోడలు వైర్లు కలిపి, మీట నొక్కి ఇచ్చింది. "ఇక ముట్టుకోకు. ఇది నా బల్ల" అన్నాడు మామయ్య. ఆమె తన బల్ల దగ్గర, విప్పిన దీపం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కంప్యూటరు ముందు కూర్చున్న మామయ్యకి ఏం చేయాలో తెలియలేదు. తెలియనప్పుడు మనిషి తెలిసిందే చేస్తాడు. గడియారం బాగుచేశాక ఆయన దాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కట్టుకుని చూస్తాడు. తాకడు. తాకితే గడియారం మొహమాటానికి నడుస్తుందని ఆయన నమ్మకం. ఎవరూ పట్టించుకోనప్పుడు ఎలా ఉంటుందో అదే దాని అసలు గుణం. ఎప్పుడు ఆగిందో, ఏ తీరుగా పడుకుని ఉండగా ఆగిందో చీటీ మీద రాసుకుంటాడు.

కంప్యూటర్నీ అలాగే చూశాడు. చూస్తుంటే తెర మూల చీమ తలకాయంత అంకెలు కనబడ్డాయి. భూతద్దం కంటికి బిగించి వంగాడు. పది నలభై. పది నలభై ఒకటి.

"ఓసి, నీలో కూడా గడియారం ఉందే!" అన్నాడు, దూరపు చుట్టం రైల్లో ఎదురైనట్టు.

పది నలభై రెండు. ఆ తర్వాత నలభై మూడు రాలేదు. ఆయన మణికట్టు మీద నలభై తొమ్మిది అయినా తెర మీద నలభై రెండే. చీటీ మీద రాశాడు: 'పది నలభై రెండు. ఎవరూ తాకలేదు. ఆగింది.' కోడలి చేత ఆపించి, మళ్ళీ వేయించాడు. మధ్యాహ్నం ఇంకోసారి ఆగింది. మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఒకసారి, పదకొండు అవుతుండగా ఒకసారి. నెలన్నరగా కొట్లో ఒక్కసారి కూడా ఆగనిది ఆయన బల్ల మీద నాలుగుసార్లు ఆగింది.

చీటీ చూసి కోడలు లేచి నిలబడింది. ఒళ్ళో దీపం జారి కింద పడింది. పట్టించుకోలేదు.

"మీరు ఏం చేశారు మామయ్యా దీన్ని?"

"ఏమీ చేయలేదు."

"అసలేమీ చేయలేదా?"

"నలభై ఏళ్ళ అనుభవం ఉంటేగానీ ఇంత బాగా ఏమీ చేయకుండా ఉండలేరమ్మాయ్."

ఆమె నవ్వలేదు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "నేను దీన్ని ఒక్క నిమిషం ఊరికే ఉంచలేదు మామయ్యా. వచ్చిన దగ్గర్నుంచి పరుగెత్తించాను. పరుగెత్తితే ఆగదిది. ఊరికే ఉంటే ఆగుతుంది! పెదనాన్నగారు ఒక్క వాక్యం కొట్టి పావుగంట కళ్ళు మూసుకుంటారు కదా. పెద్దమ్మేమో, పాపం అలిసిపోయింది, కాస్త రెస్టివ్వండి అని దాని మీద తువ్వాలు కప్పుతారు. ఆ రెస్టే దాని కొంప ముంచుతోంది!"

"పని చేస్తే బతికి, పడుకుంటే చచ్చేదా? మా బావగారికి పూర్తి ఉల్టా!"

"పని లేనప్పుడు కరెంటు ఆదా చేయడానికి ప్రాసెసర్, అంటే దీని బుర్ర, నిద్రపోతుంది. మెట్లు మెట్లుగా. మొదట కునుకు. కింద మెట్టు నిద్ర. ఇంకా కిందికి గాఢనిద్ర. అట్టడుగున మొద్దునిద్ర. అక్కడ దానికి నూలుపోగంత కరెంటు చాలు. ఆ సన్నధారని దీని పాత కరెంటు డబ్బా నిలకడగా ఇవ్వలేకపోతోందేమో, లేపాల్సిన బోర్డు సమయానికి లేపడం లేదేమో. మొత్తానికి దిగినది మళ్ళీ ఎక్కడం లేదు. అది నిజమో కాదో ఇప్పుడే తేల్చేస్తాను..." అని చెయ్యి చాచి, సగంలో ఆగిపోయింది. అది ఆయన బల్ల.

మామయ్య చీటీ మీద నాలుగు వరసలు వేలితో లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా బల్ల మీద నాలుగుసార్లు ఆగింది. మూడు దాటింది. రూలు ప్రకారం ఇంకొకరి బల్లకి పోవాలి." మెషీన్ని రెండు చేతులతో ఎత్తుకుని, పక్కకి తిరిగి ఆ మధ్యదారిలో రెండడుగులు నడిచి, కుడి బల్ల మీద దింపాడు. "నేను ఓడిపోయాను. తీసుకో."

ఈ మాట ఆయన జన్మలో ఎవరితోనూ అనలేదు. అన్నాక చూస్తే తలెందుకో పైకే ఉంది. కింద పడ్డ దీపం తీసి, దులిపి, తనే ప్లగ్గులో పెట్టి భోజనానికి ఇంటికి బయల్దేరాడు.

ఆయన వెళ్ళాక కోడలు మెషీన్ని వేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. తొమ్మిదో నిమిషంలో అది పడుకుంది. లేవలేదు. ఆమె ఎగిరి గంతేసి ఫోను తీసింది. కుక్కరు కూసింది. తర్వాతది మనకి తెలుసు.

ఈపాటికి వాళ్ళు ప్రొఫెసరుగారి ఇల్లు చేరారు.

తలుపు తీసే ఉంది. ప్రొఫెసరుగారు వాలుకుర్చీలో వెనక్కి వాలి, నోరు కొద్దిగా తెరిచి, చేతులు రెండు వైపులా వేలాడేసి ఉన్నారు. కంప్యూటరు లేని బల్ల బోసిగా ఉంది. అత్తయ్య గుమ్మంలోనే "అన్నయ్యా!" అని పెట్టిన కేకకి వంటింట్లో ఆమె వదిన చేతిలో గ్లాసు జారిపోయింది.

ప్రొఫెసరుగారు ఒక కన్ను తెరిచారు. "ఎవరు పోయారు?"

"నువ్వే అన్నయ్యా!"

"అరె, నాకెవరూ చెప్పలేదే!"

అత్తయ్య ఏడుపు సగంలో ఆగి, ఎటు పోవాలో తెలియక ఎక్కిళ్ళయింది. మామయ్య బావగారి మణికట్టు పట్టుకుని, తన గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాడు. "డెబ్బై రెండు. నిమిషానికి ఒక్క క్షణం కూడా తేడా లేదు."

"తేడా నాలో లేదు బావా. మీ ఇంట్లో ఉంది. నేను పోయానని ఎవరన్నారు?"

"మీ కోడలు!" అంది అత్తయ్య భర్త వైపు వేలు చూపించి.

"పదండి!" ప్రొఫెసరుగారు చెప్పులు వేసుకున్నారు. "నేను ఎప్పుడు, ఎలా పోయానో ఆ పిల్ల నోటే వింటాను. పుస్తకం పూర్తికాకుండా పోవడానికి నేనేం తెలివితక్కువ వాణ్ణా?"

అత్తయ్య ఎక్కిళ్ళు తగ్గడానికి ఇంకో పావుగంట పట్టింది. అప్పుడు నలుగురూ కొట్టుకి బయల్దేరారు. అత్తయ్య కేక ఆ వీధి మొత్తానికి వినబడింది కాబట్టి, మొహాలు వేలాడేసుకుని వచ్చినవాళ్ళు కొందరు వెంట నడిచారు. ముందు నడుస్తున్నది ఎవరో చూసి, వేలాడిన మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకి తెలియలేదు. దారిలో ఎదురైన టైలరు చేతులు జోడించి, "ఎప్పుడు పోయారండీ?" అని ప్రొఫెసరుగారినే అడిగాడు.

"పోతున్నాను, కనబడటం లేదా? దారి ఇవ్వు" అన్నారాయన.

కొట్టు గుమ్మంలో కోడలు వేలు పెదవి మీద పెట్టుకుని అందరినీ ఆపింది. ఆమె బల్ల మీద కంప్యూటరు వెలుగుతోంది. దాని మీద అంటించిన కాగితం మీద పెద్ద అక్షరాలు: 'తాకవద్దు. ఊరికే ఉంది.'

"ఇదేంటే..." అని అత్తయ్య మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషం అత్తయ్యా. యాభై ఎనిమిది నిమిషాలయింది. గంట కానివ్వండి."

అందరూ గంట కానిచ్చారు. గుమ్మం బయట పదిమంది, లోపల అయిదుగురు, అందరి కళ్ళూ తెర మీదే. మామయ్య భూతద్దం కంటికి బిగించి తెర మూలకి వంగాడు. ఒంటిగంట నలభై ఏడు. నలభై ఎనిమిది. గోడ మీది ఇరవై మూడు గడియారాలూ తమ తోటి దాన్ని చూస్తున్నట్టు టిక్కు టిక్కుమంటున్నాయి. నలభై తొమ్మిది.

"నడుస్తోంది" అన్నాడాయన.

"సెట్టింగుల్లో కింది మెట్లు మూసేశాను మామయ్యా. కునుకు తీయనిస్తాను, మొద్దునిద్రలోకి దిగనివ్వను. కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది, కాస్త వేడిగా ఉంటుంది, అంతే. ఇంకా మూడు రోజులు ఇలాగే ఊరికే ఉంచి, అప్పుడు ఇస్తాను. మీ బల్ల మీద పెట్టనా?"

"నా బల్ల మీద ఎందుకు? అది నీ పని." మామయ్య భూతద్దం తీశాడు. తన సొరుగు లాగి, స్ప్రింగుల అడుగు నుంచి చీటీల కట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె పైది విప్పి చూసింది. తన చేతిరాతే. కింద ఇంకోటి, ఇంకోటి. కళ్ళు ఎత్తేసరికి ఆయన రంగు డబ్బా, కుంచె వెతుకుతున్నాడు.

"మామయ్యా, చోటు లేదన్నారు కదా?"

"ఇవాళ కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఉంది."

స్టూలెక్కి 'గడియారములు బాగుచేయబడును' కింద, మూరెడు ఖాళీలో, 'కంప్యూటర్లు కూడా' అని రాశాడు. 'కూడా' కాస్త వంకర పోయింది. కొట్టేసి, 'కంప్యూటర్లు' ఒక్కటే ఉంచాడు.

"అంతా బాగానే ఉంది" అన్నారు ప్రొఫెసరుగారు. "నేను ఎప్పుడు పోయానో మాత్రం ఇంకా తేలలేదు. అమ్మాయ్, నేను పడుకుని లేవడం లేదని మీ అత్తకి చెప్పావటగా? నవ్వుతూ!"

కోడలు చేతిలో చీటీలు కింద పెట్టింది. "నేనా? పెదనాన్నగారూ, నేను ప్రా... ప్రాసె..." అని, అత్తయ్య వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బల్ల మీద వాలిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇక ఆమె వల్ల కాదని మామయ్యకి అర్థమైంది. స్టూలు మీద నుంచే, కుంచె చేతిలో పట్టుకుని, బయట గుమిగూడిన వాళ్ళవైపు తిరిగి గొంతెత్తాడు.

"అందరూ వినండి! పడుకుని లేవనిది ప్రొఫెసర్ కాదు, ప్రాసెసర్! ప్రాసెసర్ అంటే ఇదిగో, ఈ డబ్బాలో ఉండే బుర్ర. ప్రొఫెసర్ అంటే అదిగో, ఆ చెప్పుల్లో నిలబడ్డ మా బావగారు. ఈయన ఆలోచించేటప్పుడల్లా అది పడుకునేది. ఎందుకు లేవడం లేదో ఇవాళ దొరికింది. ఆ కబురు ఫోన్లో చెబితే, మధ్యలో కుక్కరు కూసి, మా ఆవిడ చెవిలో ఒకరి బదులు ఇంకొకరు దిగారు. ఈయనకి ఏమీ కాలేదు. దానికీ ఇక ఏమీ కాదు. దాన్ని లేపింది మా కోడలు!"

"మా కోడలేంటి?" అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చి, స్టూలు మీద ఉన్నాయన్ని కసిరింది. "మన కోడలు అనండి!"